గోడకున్న చెవి

ఆ కోర్టు భవనం కట్టించినవారికి న్యాయం మీద నమ్మకం ఎంతుండేదో తెలియదు గానీ, రాయి మీద మాత్రం అంతులేని నమ్మకం. వరండా స్తంభాలు ఎంత లావంటే, ఒక ప్లీడరు తన కక్షిదారుణ్ణి వెతుక్కుంటూ ఒక స్తంభం చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చేసరికి వేరే కక్షిదారుణ్ణి వెంటబెట్టుకొచ్చాడట. స్తంభాల నెత్తిన రాతి గుడ్లగూబలు. ముఖద్వారం పైన రెండు సింహాలు, ఒకటి నోరు తెరుచుకుని, ఇంకొకటి నోరు మూసుకుని. దావా వేయకముందు ఒకటి, వేశాక ఒకటి అని అనుభవజ్ఞులు చెబుతారు. లోపల ఎత్తయిన గుమ్మటం. దాని కింద గుసగుసలాడితే పక్కవాడికి వినబడదు, అవతలి పార్టీకి వినబడుతుంది.

ఇన్ని వింతలున్న ఆ భవనంలో ఒక్కదాన్ని చూస్తే మాత్రం వరండాలో అర్జీలు కొట్టే టైపు పిన్నికి అరికాలి మంట నెత్తికెక్కేది. అది పెద్ద హాల్లో, సాక్షులు నిలబడే బోనుకి సరిగ్గా వెనక గోడ మీద ఉన్న బొమ్మ.

గోడంతా పరుచుకున్న బొమ్మ అది. మధ్యలో తెల్లబట్టలు కట్టుకున్న సత్యం నిలబడి ఉంటుంది. ఆవిడ కుడిపక్కన నిజం చెప్పే సాక్షుల గుంపు. ఎడమపక్కన ఒక్కడే, దొంగసాక్షి. మోకాళ్ళ మీద కూర్చుని, గుండె మీద చెయ్యి వేసుకుని, కళ్ళు ఆకాశానికెత్తి ప్రమాణం చేస్తూ ఉంటాడు. వాడి భుజం మీదుగా ఒక నల్లపాము వచ్చి, చెవిలో నాలుక పెట్టి, ఏం చెప్పాలో నేర్పుతూ ఉంటుంది. ఆ చెవితోనే వచ్చింది తంటా. టీ కప్పుకి పిడిలాగా తలకి అడ్డంగా నిలబడ్డ చెవి అది. దానికి గుడ్డసంచీ తగిలించుకుని బజారుకి వెళ్ళొచ్చు.

గోడలకి చెవులుంటాయని లోకం మాటవరసకి అంటుంది. ఆ గోడకి నిజంగానే ఉంది. అది టైపు పిన్ని వాళ్ళ తాతది.

తాత సున్నం మేస్త్రీ. భవనం కడుతున్న రోజుల్లో బొమ్మలు వేసే ఆయన దగ్గర పనికి కుదిరాడు. ఆ రకం బొమ్మ తడి సున్నం మీదే వెయ్యాలి. ఏ రోజు గీసే మేర ఆ రోజు పొద్దున్నే సున్నం పూయాలి, ఆరేలోపు రంగు పడిపోవాలి. ఆరాక రంగు గోడలో గోడయిపోతుంది, గునపం తెస్తే తప్ప రాదు. తాత చెయ్యి మంచిదే గానీ నోటికి మూత లేదు. సత్యం బొమ్మ పూర్తయిన రోజున అందరూ ఆహా ఓహో అంటుంటే, ఆయన చేతిలో తాపీ పట్టుకుని, తల పక్కకి వంచి చూసి, "అయ్యా, సత్యానికి చేతులు పెట్టారా, ముల్లంగి దుంపలు పెట్టారా?" అన్నాడు. కూలీలంతా పడీ పడీ నవ్వారు.

బొమ్మలాయన ఏమీ అనలేదు. ఏమీ అననివాడితోనే జాగ్రత్తగా ఉండాలి. మర్నాడు పొద్దున, "మేస్త్రీ, ఇవాళ ఈ మూల బాగా నున్నగా పుయ్యి, ముఖం వస్తుంది" అన్నాడంతే. తాత ఒళ్ళు దాచుకోకుండా పూశాడు. అద్దంలా పూశాడు. భోజనం చేసి ఓ కునుకు తీసి వచ్చేసరికి ఆ అద్దంలో తన ముఖమే కనబడింది, పాముతో సహా.

"ఇదేంటయ్యా?" అన్నాడు తాత.

"చెవి కుదిరిందా మేస్త్రీ?" అన్నాడు బొమ్మలాయన.

తాత పరుగెత్తుకెళ్ళి ఇంజనీరుని పిలుచుకొచ్చాడు. ఇంజనీరు గోడని చూశాడు, తాతని చూశాడు, మళ్ళీ గోడని చూశాడు, చూసి నవ్వాడు. ఈ లోపల సున్నం ఆరిపోయింది. ఆ కుటుంబాన్ని చూసి ఆ భవనం నవ్విన మొదటి నవ్వు అది.

అన్యాయం అక్కడితో ఆగినా బాగుండేది. కాలక్రమాన గుమ్మటం కారింది, గోడలు చెమ్మగిల్లాయి. సత్యం మోకాళ్ళ దాకా పెచ్చులూడిపోయింది. నిజం చెప్పే సాక్షుల్లో ఎవరి ముక్కు ఎవరిదో ఆనవాలు తెలియదు. దొంగసాక్షి మాత్రం నిన్న గీసినట్టు నిగనిగలాడుతున్నాడు. తాత పూత అలాంటిది. తన పరువు తీసే గోడని అంత గట్టిగా ఎవరూ పూసుకుని ఉండరు.

గోడ మీద చెవి ఊడలేదు సరే, ఇంట్లోనూ అదే చెవి. తాత నుంచి నాన్నకి, నాన్న నుంచి ఆమెకి, ఆమె నుంచి కూతురికి, ఆస్తి లేకపోయినా చెవి మాత్రం వాటాలు లేకుండా అందరికీ వచ్చింది. కూరగాయల బేరంలో "ఏమ్మా, పాము ఎంత చెప్పమంది?" అనేవాళ్ళు. బళ్ళో ఎవరి పలక పగిలినా మాస్టారి చేతికి ముందు వీళ్ళ చెవే దొరికేది. నాన్న చచ్చేదాకా ఒకటే చెప్పాడు: "ఊళ్ళో ఎక్కడైనా పని చేసుకో తల్లీ, ఆ గడప మాత్రం తొక్కకు."

ఆ మాట పెడచెవిన పెట్టి ఆమె సరిగ్గా ఆ గడప దగ్గరే టైపు మిషను వేసుకుని కూర్చుంది. మెట్లకి ఎదురుగా, రెండు స్తంభాల మధ్య. అర్జీలు, అఫిడవిట్లు, నోటీసులు అన్నీ ఆమె వేళ్ళ కిందే పుట్టేవి. మిషను పోయి కంప్యూటరు వచ్చినా పేరు మారలేదు. జూనియర్ ప్లీడరు నుంచి బంట్రోతు దాకా అందరికీ టైపు పిన్నే. ఇక్కడే ఎందుకమ్మా అని ఎవరైనా అడిగితే, "వాడు గోడ మీది నుంచి దిగడు, నేను వరండాలోంచి లేవను. చూద్దాం ఎవరు ముందు పెచ్చులూడతారో!" అనేది.

ఆమె కూర్చునే చోటి నుంచి తలెత్తితే మెట్లు కనబడతాయి. రెండు చేతులు చాచినట్టు రెండు వైపులా పైకెళ్ళే రాతిమెట్లు, అవి కలిసే మలుపులో ఒక నిలువెత్తు రంగుటద్దాల కిటికీ. ఉదయిస్తున్న సూర్యుడి బొమ్మ. మధ్యాహ్నం ఎండ పడితే మెట్ల మీద ఎరుపూ పసుపూ నీలమూ పరుచుకునేవి. ఆ మెట్లు ఊడ్చే పెద్దాయన్ని అందరూ మెట్ల బాబాయి అనేవారు. "ఎంత ఊడ్చినా ఈ ఎరుపు పోవట్లేదే అమ్మాయ్, ఎవరు ఒలకబోశారో!" అని రోజూ అదే హాస్యం. ఆమె రోజూ నవ్వేది. నోట్లో నాలుక లేని మనిషికి ఉన్న ఒక్క హాస్యం అది, దాన్ని వాడుకోనివ్వకపోతే పాపం.

భవనానికి నూరేళ్ళ పండగ చేస్తామని పెద్దలు అనుకున్నారు. దీపాలు కట్టడానికి కాంట్రాక్టరు మనుషులు ఇనప గొట్టాలు మోసుకొచ్చారు. ఊడ్చే పని కూడా ఆ కాంట్రాక్టరు చేతికిందే. పొడుగాటి గొట్టం ఒకటి ఇద్దరు మోస్తూ మెట్లెక్కుతున్నారు. పైనున్నవాడు వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. మలుపులో కిందివాడు "ఎడమకి!" అని అరిచాడు. పైవాడు ఎడమకే తిప్పాడు, కాకపోతే తన ఎడమకి. గొట్టం సూర్యుడి కడుపులోంచి అవతలికి వెళ్ళిపోయింది. కింద చీపురుతో నిలబడ్డ మెట్ల బాబాయి మీద రంగుల వాన కురిసింది.

సాయంత్రానికల్లా కథ మారిపోయింది. నిచ్చెన వేసి బూజు దులుపుతూ అద్దం పగలగొట్టింది మెట్ల బాబాయేనట! ఆయన్ని పనిలోంచి తీసేశారు. ఆయన బూజు దులిపిన నిచ్చెన ఏదని అడిగితే, అప్పటికప్పుడు ఒకటి తెచ్చి గోడకి ఆనించారు.

ఎవరో పుణ్యాత్ముడైన జూనియర్ ప్లీడరు ఆయన చేత దావా వేయించాడు. సాక్షులు కావాలిగా? అద్దం పగిలిన చప్పుడుకి వరండా అంతా లేచి నిలబడింది. కానీ అడిగేసరికి ఒకరు ఫైలు చూస్తున్నారు, ఒకరు తుమ్ముతున్నారు, ఒకరు అసలు ఆ ఏడాదే కోర్టుకి రాలేదు. "నేను చూశాను" అన్నది టైపు పిన్ని ఒక్కతే.

ఇంట్లో అత్తగారు ఆ మాట విని చేతిలో గరిటె కింద పెట్టింది.

"ఏమే, నీకు మతి ఉందా? ఆ బోనెక్కుతావా? ఆ బొమ్మ ముందా?"

"ముందు కాదు అత్తయ్యా, వెనకుంటుంది."

"అదే నే చెప్పేదీ! జడ్జిగారికి నువ్వూ వాడూ ఒకే ఫోటోలో కనబడతారు. ఇంకెవరైనా చెబితే ఆ ముసలాయనకి మేలు. నువ్వు చెబితే ఉన్న కాస్తా పోతుంది."

అందులో నిజం లేకపోలేదు. పిన్ని ఆ రాత్రి అదే లెక్క వేసుకుంది. తన పరువు సంగతి సరే, అది ఏనాడో గోడకెక్కింది. తన మాట నమ్మకపోతే మెట్ల బాబాయి వీధిన పడతాడు. కూతురు మాత్రం పుస్తకంలోంచి తలెత్తకుండా, "వెళ్ళమ్మా. చూసినవాళ్ళు చెప్పకపోతే చూడనివాళ్ళు చెబుతారు" అంది. ఇంత మాట ఎవరు నేర్పారే నీకు అని నానమ్మ అంటే, "పాము" అంది ఆ గడుగ్గాయి.

విచారణ రోజున హాలు కిటకిటలాడింది. పండగకి తోరణాలు కట్టి ఉన్నాయి, పెళ్ళి జరుగుతోందో విచారణ జరుగుతోందో తెలియకుండా. పిన్ని ప్రమాణం చేసి, జూనియర్ ప్లీడరు అడిగినదానికల్లా చూసింది చూసినట్టు చెప్పింది. గొట్టం ఎవరు మోశారు, ఎవరు అరిచారు, ఎటు తిప్పారు. తర్వాత కాంట్రాక్టరు తరఫు వకీలు లేచాడు. ఆయన చేతిలో ఎప్పుడూ ఒక పెన్సిలు తిరుగుతూ ఉంటుంది గనక పెన్సిలు వకీలు అంటారు.

"అమ్మా, మీకు కళ్ళు సరిగ్గా కనబడతాయా?"

"తమ కోటుకి కింది గుండీ లేదు. ఇక్కణ్ణుంచే కనబడుతోంది."

హాలు నవ్వింది. పెన్సిలు వకీలూ నవ్వాడు, తొందరేముంది అన్నట్టు.

"మరి... చెవులు?"

అని ఆగాడు. పెన్సిలు మెల్లగా లేచింది, ఆమె తల దాటి వెనక గోడ వైపు తిరిగింది, అక్కడ ఒక్క క్షణం నిలబడింది. నోటితో ఒక్క ముక్క అనలేదు. హాలు ఘొల్లుమంది. ప్లీడర్లు బల్లలు చరిచారు. బంట్రోతు తలుపు పట్టుకుని నవ్వాడు. జడ్జిగారు రుమాలు తీసి దగ్గుతున్నట్టు నోటికి అడ్డం పెట్టుకున్నారు. గుమ్మటం ఆ నవ్వునంతా పోగుచేసి మళ్ళీ మనుషుల మీద కుమ్మరించింది. ముందు వరసలో మెట్ల బాబాయి తల దించుకున్నాడు.

"ఇంక ప్రశ్నలు లేవు" అని వకీలు కూర్చున్నాడు.

"కూర్చున్నారేంటి? లేవండి!" అంది పిన్ని.

"అమ్మా, మీ సాక్ష్యం అయిపోయింది. దిగండి" అన్నారు జడ్జిగారు.

"దిగనయ్యా."

"దిగకపోతే కోర్టు ధిక్కారం అవుతుంది, తెలుసా?"

"అవనివ్వండి. ముందు ఇది తేలాలి." కింద కూర్చుని టైపు చేసుకుంటున్న కోర్టు స్టెనో వైపు తిరిగింది. "అబ్బాయ్, ఇప్పుడు ఏం కొట్టావో చదువు."

స్టెనో జడ్జిగారి వైపు చూశాడు. ఆయన సరే అన్నట్టు చెయ్యి ఊపారు. "ప్రశ్న: మరి చెవులు? జవాబు లేదు. ఇంక ప్రశ్నలు లేవు" అని చదివాడు.

"పెన్సిలేదీ?"

"పెన్సిలేంటి పిన్నీ?"

"ఆయన గోడకేసి చూపించిన పెన్సిలు! ఇంతమంది నవ్విన నవ్వు! అవేవీ?"

"నవ్వులు కొట్టం పిన్నీ. నీకు తెలీదా?"

"తెలుసురా! తెలుసు గనకే కడుపు మండుతోంది!" ఆమె బోను కర్ర గట్టిగా పట్టుకుంది. "అయ్యా, ఆయన నోటితో అంటే నేను జవాబు చెప్పుకుంటాను. పెన్సిలుకి ఏం జవాబు చెప్పను? మా తాత నుంచి ఇదే వరస. ఒక్కడూ మమ్మల్ని దొంగసాక్షి అని నోరారా అనడు. చూపిస్తాడు, నవ్వుతాడు, వెళ్ళిపోతాడు. ఏమన్నావురా అని పట్టుకుంటే, నేనేమన్నాను అంటాడు! రేపు మీరు తీర్పు రాసేటప్పుడు కాగితంలో ఆ నవ్వు ఉండదు. మీ మనసులో ఉంటుంది. ఈ ముసలాయన బతుకు పోయేది దానివల్ల, ఎందుకు పోయిందో ఎక్కడా ఉండదు!"

పెన్సిలు వకీలు లేచాడు.

"అయ్యా, నేను ఏమీ అనలేదు. చేతిలో పెన్సిలుంది, అంతే."

"చూశారా? నే చెప్పలేదూ!" అంది పిన్ని.

జడ్జిగారు రుమాలు జేబులో పెట్టుకున్నారు. "మీరు గోడ వైపు చూపించారా, లేదా?"

"అంటే... అలవాటుగా..."

"చూపించారని రాయిస్తున్నాను. ఎందుకు చూపించారో చెప్పండి, అదీ రాయిస్తాను."

ఎందుకో హాల్లో ప్రతివాడికీ తెలుసు. ఎప్పుడో చచ్చిపోయిన ఒకాయన కక్షకొద్దీ గీసిన బొమ్మకి ఉన్న చెవి ఈవిడకీ ఉంది గనక ఈవిడ చూసింది చూడనట్టే, అని చెప్పాలి. మనసులో అయితే అది ముచ్చటగా ఉంది. నోట్లోకి వచ్చేసరికి వెలక్కాయ అయి అడ్డం పడింది. వకీలు మింగలేక కక్కలేక కాసేపు అవస్థపడి, "ఉపసంహరించుకుంటున్నాను" అన్నాడు.

"దేన్ని? పెన్సిలునా?" అన్నారు జడ్జిగారు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎక్కడ రాస్తారోనని భయం.

జడ్జిగారు స్టెనోకి చెప్పసాగారు. "ప్రతివాది తరఫు న్యాయవాది 'మరి చెవులు' అని, సాక్షి వెనక గోడ మీద ఉన్న దొంగసాక్షి చిత్రాన్ని పెన్సిలుతో చూపారు. హాల్లో కొందరు నవ్వారు."

"కొందరు కాదయ్యా" అంది పిన్ని.

"అమ్మా, ఇక చాలు."

"ఉన్నదున్నట్టు చెబుతానని ఇప్పుడే గదయ్యా ప్రమాణం చేయించారు! కొందరు కాదు, అందరూ."

"అందరూ అంటే?"

"అందరూ అంటే అందరే."

గుమ్మటం ఆ మాటని పట్టుకుని, అందరే, అందరే అని కాసేపు తిప్పింది. స్టెనో వేళ్ళు గాలిలోనే ఆగిపోయాయి. జూనియర్ ప్లీడరు కళ్ళు మూసుకున్నాడు, దావా గంగలో కలిసిందని. జడ్జిగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. బోను వెనక గోడని చూశారు. ఆ కుర్చీలో కూర్చున్న ప్రతిరోజూ ఆయన ఎదురుగా ఉన్న గోడే అది. అక్కడ నిలబడి చెప్పిన వాళ్ళందరి వెనకాలా ఆ దొంగసాక్షి మోకాళ్ళ మీద కూర్చునే ఉన్నాడు. ఎందరి మాటలు వాడి పక్కన పెట్టి తూచారో ఆయనకే తెలియాలి.

"రాయండి" అన్నారు చివరికి. "హాల్లో ఉన్నవారందరూ, న్యాయస్థానంతో సహా, నవ్వారు."

టకటకమని మీటలు చప్పుడయ్యాయి. అప్పుడు ఆయన పెన్సిలు వకీలు వైపు తిరిగి, "ఇప్పుడు ఏమైనా అడగాలంటే నోటితో అడగండి" అన్నారు. వకీలు అడగక తప్పలేదు. గొట్టం ఎడమకి తిరిగిందంటున్నారు, కిటికీ కుడివైపు ఉంది కదా అని పట్టుకోబోయాడు. "కిందివాడి ఎడమ వేరు, వెనక్కి నడిచేవాడి ఎడమ వేరు. కావాలంటే మీరు నా వైపు తిరిగి ఎడమ చెయ్యెత్తండి" అంది పిన్ని. ఆయన ఎత్తలేదు. కూర్చున్నాడు.

తీర్పు వచ్చింది. మెట్ల బాబాయిని తిరిగి పనిలోకి తీసుకోమన్నారు. తీర్పు నకలు పిన్ని బల్ల దగ్గరికి వచ్చేసరికి వరండా అంతా మూగింది. "ఈ సాక్షి మాట పూర్తిగా నమ్మదగినది" అన్న వాక్యం దగ్గర జూనియర్ ప్లీడరు వేలు పెట్టి, "చూడు పిన్నీ, నీ గురించే! స్వీట్లు పంచాలి" అన్నాడు.

"ఎందుకు పంచాలి?" అని ఆమె కస్సుమంది. "చూసింది చూశానని చెప్పినందుకా? పెన్సిలు వకీలు గారు చూడనివి ఎన్నిసార్లు చెప్పలేదు, ఆయన మాట నమ్మదగినదని ఎవరైనా రాయాల్సొచ్చిందా? ఆ నమ్మకం ఆయనకి పుట్టుకతోనే ఉంది. నాకు మాత్రం తీర్పు కావాలి! పొండి, పనులు చూసుకోండి."

పైన సూర్యుడి స్థానంలో చెక్క బిగించారు. పగలగొట్టినవాడి చేత అద్దం పెట్టించమని ఎవరూ అనలేదు. హాల్లో గోడ అలాగే ఉంది, దొంగసాక్షి అలాగే నిగనిగలాడుతున్నాడు. బొమ్మ చారిత్రకమైనది, ముట్టుకోకూడదట. మనుషుల్ని మాత్రం ముట్టుకోవచ్చు.

మెట్ల బాబాయి చీపురు పట్టుకుని మెల్లగా వచ్చాడు. ఏం చెప్పాలో తెలియక చీపురు స్తంభానికి ఆనించి రెండు చేతులూ జోడించబోయాడు.

"దించు!" అంది పిన్ని. "చేతులు దించు బాబాయ్. తప్పు చెయ్యనివాడు దండం పెడితే నాకు ఒళ్ళు మండుతుంది. అద్దం పగలగొట్టినవాడు పెట్టాలి నీకు."

"వాడు పెట్టడు కదమ్మాయ్."

"పెట్టడు. అంతవరకూ నువ్వూ ఎవరికీ పెట్టకు."

ఆయన చేతులు దించి, చీపురు తీసుకుని మెట్ల వైపు వెళ్ళాడు.